జడక్క కార్డు మీద నల్లరంగు

ఆ రోజుల్లో మా మార్కాపురంలో ఎవరి తలైనా కాస్త తెల్లగా కనిపిస్తే వయసెంత అని అడిగేవాళ్లు కాదు, ఏ పలకల ఫ్యాక్టరీలో పని అని అడిగేవాళ్లు. రాయి కోసే దగ్గర నుంచి పలక నున్నగా రుద్దే దగ్గర దాకా లేచే దుమ్ము మనిషి మీద ఇంకెక్కడ వాలినా వాలకపోయినా నెత్తి మీద మాత్రం తప్పకుండా వాలేది. నేను రాయి ముట్టే పనివాణ్ణి కాదు, అట్టపెట్టెల మీద ఊళ్ల పేర్లు రాసే గుమాస్తాను. అయినా సాయంత్రానికి నా తల కూడా అందరి తలలాగే బూడిద రంగుకు తిరిగేది. అది నాకు గొప్ప అండ. ఎందుకంటే నాకు ఇరవై నాలుగో ఏటనే చెవుల పక్క నుంచి తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి. రెండేళ్ల పాటు ఆ నేరమంతా దుమ్ము మీదకే నెట్టాను. ఆదివారాలే కాస్త గడ్డుగా ఉండేవి. తలస్నానం చేసి అద్దం ముందు నిలబడితే దుమ్ము పోయేది, నేరం మిగిలేది.

ఇప్పుడు నాకు నెరవడానికి కూడా తల మీద పెద్దగా ఏమీ లేదు. అందువల్ల నిర్భయంగా నిజం చెప్పవచ్చు. ఈ నిజం నా తలకు సంబంధించినదే కానీ, నష్టపోయింది మా వదిన జడ.

మా వదినను వీధిలో అందరూ జడక్క అనేవారు. అన్న ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు నడిపేవాడు. వదిన ఇంటి వెనక పెరట్లో నూనె కాచేది. గుంటగలగరాకు, మందారపూలు, ఎండు ఉసిరిక, ఇంకా పేర్లు చెప్పని రెండు మూడు రకాల వేర్లు. వాటిని పదిహేను రోజులకొకసారి నల్లమల వైపు నుంచి ఒక పెద్దామె బస్సులో గోతంలో వేసుకుని తెచ్చేది. (ఆమెను మేమంతా అడవి పెద్దమ్మ అనేవాళ్లం.) ఆ నూనెకు ప్రకటన ఏమీ లేదు. వదిన మోకాళ్ల దాకా జడ వేలాడేసుకుని నీళ్ల కుళాయి దగ్గర నిలబడితే చాలు. ఆడవాళ్లు బిందెలు నిండిన సంగతి మరిచిపోయి జడ వంక చూసేవారు, ఆ సాయంత్రం ఖాళీ సీసాలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేవారు.

సహజంగానే వదిన నా తలను కూడా తన చేతికి తీసుకుంది. "ఈ దుమ్ములో నీ ఎంట్రుకలు పాడైపోతాండాయి అబ్బాయ్, రోజూ రాసుకో" అని ఒక సీసా ఇచ్చింది. రాసుకున్నాను. నెల చూశాను, రెండు నెలలు చూశాను. నూనె మంచిదే, తల చల్లగా ఉండేది, కానీ తెల్లగానే ఉండేది. ఇంతలో ఇంట్లో నా పెళ్లి మాటలు మొదలయ్యాయి. కంభం నుంచి ఒక సంబంధం వాళ్లు ఆదివారం వచ్చారు (చెప్పాను కదా, ఆదివారాలు గడ్డువని). వెళ్లేటప్పుడు పిల్ల మేనమామ గుమ్మం దగ్గర ఆగి, "అబ్బాయి పెద్దోడా, చిన్నోడా?" అని అడిగాడు. చిన్నవాడని అన్న చెప్పాడు. "ఓహో" అన్నాడాయన. ఆ ఓహో తర్వాత మళ్లీ కబురు రాలేదు.

అప్పుడే మా బజారులో శెట్టిగారి ఫ్యాన్సీ దుకాణంలో కంప్యూటరు పెట్టారు. దానితోపాటు ఆడవాళ్లకు గులాబీ రంగు కార్డులు ఇచ్చారు. కార్డు చూపిస్తే పౌడరు నుంచి పిన్నీసు దాకా దేని మీదైనా పది శాతం తగ్గింపు. పైగా కొన్నదానికల్లా పాయింట్లు, ఆ పాయింట్లకు మళ్లీ సామాను. మగవాళ్లకు కార్డు లేదు. వదినకు వచ్చిన కార్డు నా చొక్కా జేబులోకి చేరింది, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు బజారు మీదుగా వచ్చేది నేనే కాబట్టి. తిలకం, జడ పిన్నులు, సబ్బు, ఇలా ఆమె చెప్పినవి తెచ్చేవాణ్ణి.

ఒకరోజు ఆ తిలకం పక్కన నల్లరంగు ప్యాకెట్టు ఒకటి పెట్టాను. శెట్టిగారు దాన్ని చేత్తో ఎత్తి కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. "వదిన తెమ్మనింది" అన్నాను. ఆ రెండు ముక్కలు ఇంత సులువుగా నోట్లోంచి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. బిల్లు వచ్చింది, పది శాతం తగ్గింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంకో దుకాణంలో, ముఖం తెలియని చోట, ఆ ప్యాకెట్టు కొనుక్కునే వీలు నాకు ఉంది. కానీ మాది కొట్టు నడిపే ఇల్లు. కళ్లెదురుగా తగ్గింపు ఉంటే దాన్ని వదిలేసి నిండు ధర పెట్టి రావడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. పరువు కోసం కూడా చేతకాదు. దుకాణం దాటాక బిల్లును నాలుగు ముక్కలు చేసి తర్లుపాడు రోడ్డు మలుపులో కాలువలో వేసేవాణ్ణి. కాగితం చించితే లెక్క చిరిగిపోతుందనుకున్నాను. అరువు లెక్కలు మరిచిపోయే మా అన్నలాగే కంప్యూటరుకూ మరుపు ఉంటుందనుకున్నాను. ఆ కార్డు మీద రంగు తప్ప నాకోసం మరేదీ కొనలేదని కూడా ఇక్కడే ప్రమాణం చేసి చెబుతున్నాను.

రెండు వారాలకొకసారి, ఆదివారం మధ్యాహ్నం, తాళాలు నా దగ్గరే ఉండేవి కాబట్టి ఎవరూ లేని ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ణి. విరిగిన పలక ముక్క మీద రంగు కలిపి పాత పళ్లబ్రష్షుతో పూసుకునేవాణ్ణి. అరగంట సేపు పెట్టెల మధ్య కూర్చుని, బయట ఏ సైకిలు బెల్లు మోగినా అట్టపెట్టె ఒకటి నెత్తిన బోర్లించుకునేవాణ్ణి. మా ఊరి ఎండలో అదొక నరకం. చెమట పడితే మెడ మీద నల్లటి చార దిగేది. ఎవరైనా చూసి అడిగితే, "పలకలకు పూసే రంగు అంటుకున్నింది" అనేవాణ్ణి. రెండేళ్లు తెల్లదనాన్ని ఫ్యాక్టరీ మీదకు నెట్టినవాణ్ణి, ఇప్పుడు నల్లదనాన్నీ దాని మీదకే నెట్టాను.

నేను ఊహించనిది ఒకటి జరిగింది. వదిన నా తల చూసి పొంగిపోయింది. నన్ను నూనె కాచే పొయ్యి పక్కకు పిలిచి, వచ్చిన ఆడవాళ్లందరి ముందూ తల వంచమనేది. "చూడండమ్మే, దుమ్ములో పనిచేసే మగోడి తల! నాలుగు నెలల కింద ఎట్ల ఉండె, ఇప్పుడెట్ల ఉంది! నా జడంటే పుట్టుకతో వచ్చిందంటారు, మరి ఇదేంది?" ఆడవాళ్లు నా తలను బజారులో గుమ్మడికాయ చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఎవరి వేలికైనా నలుపు అంటుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. రోజుకు నాలుగు సీసాలు పోయే నూనె పది సీసాలైంది. కురిచేడు నుంచి కూడా మనుషులు వచ్చారు. వదిన ఇంకో పెద్ద బాణలి కొనింది.

ఒక్క అడవి పెద్దమ్మ మాత్రం గోతం దించి, నా తల వంక కాసేపు చూసి, "ఆకు నలుపుకు ఇంత మెరుపుండదే నాయనా" అంది. నేను పరుగున వెళ్లి ఆమెకు టీ, రెండు బన్నులు తెచ్చాను. ఆమె బన్ను టీలో ముంచుకుంటూ, "నాకేం లే, ఆకు అమ్ముడుబోతే చాలు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది.

ఆ నూనె కోసమే గిద్దలూరు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. వదినకు దూరపు చుట్టం. సీసా కోసం వచ్చి నన్ను చూసింది, నా తల చూసింది, అలా సీసాతోపాటు నన్ను కూడా తన చెల్లెలి కూతురికి ఖాయం చేసుకుని వెళ్లింది. "కొంచెం దుమ్ము రంగున్నా ఫర్వాలేదు గానీ, నెత్తి మీదున్నదంతా సొంతమే గదా?" అని అడిగితే వదిన గర్వంగా, "నా నూనె పెద్దమ్మా, నేను చెప్తాండా గదా" అంది. పిల్లను చూశాను. పిల్ల నన్ను చూసి తల వంచుకుంది, నేను తల వంచితే కుదుళ్ల దగ్గర తెలుపు కనిపిస్తుందని వంచలేదు. (అబ్బాయి ధైర్యంగా ఉన్నాడని వాళ్లింట్లో అనుకున్నారట.) తాంబూలాలకు రోజు పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే శెట్టిగారి దుకాణంలో కంప్యూటరు పెట్టి, కార్డులు పంచి ఏడాదైంది. దుకాణం ముందు షామియానా వేశారు, మైకు పెట్టారు. ఎక్కువ పాయింట్లు వచ్చిన ఆడవాళ్లకు బహుమతులని చెప్పారు. వదిన పేరు మూడో స్థానంలో ఉందని కబురొచ్చింది. ఆమె సంబరపడి పట్టుచీర కట్టుకుంది, జడలో కనకాంబరాలు పెట్టుకుంది, వీధిలో నూనె కొనేవాళ్లందరినీ వెంటబెట్టుకుని బయలుదేరింది. తాంబూలాల సామాను చూసుకుందామని ఆ రోజే గిద్దలూరు పెద్దమ్మ కూడా వచ్చి ఉంది, ఆమె కూడా కదిలింది. నన్ను కుర్చీలు పట్టుకోమని ముందే పంపారు. మూడో స్థానం అనగానే నా మనసులో ఏదో పురుగు కుట్టింది. తిలకం, సబ్బు కొంటే మూడో స్థానం ఎలా వస్తుంది?

మొదటి ఇద్దరికీ హాట్‌బాక్సులు ఇచ్చారు. తర్వాత శెట్టిగారు ఒక పొడవాటి కాగితం విప్పారు. కంప్యూటరు తనకు ఎంత పని చేస్తుందో ఊరందరికీ చూపించాలని ఆయన ముచ్చట. "మా దుకాణంలో ఎవురేం కొన్నారో అన్నీ దీంట్లో ఉంటాయమ్మా, ఎక్కడికీ పోవు" అని మైకులో చెప్పి, వదినను పిలిచి, కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "మన జడక్క! ఈ ఏడాది ఈమె కార్డు మీద అన్నిటికంటే ఎక్కువ పోయింది, తలకేసే నల్లరంగు. ఇరవై ఆరు ప్యాకెట్లు! అందుకని ఆ రంగు కంపెనీ వాళ్లే ప్రత్యేకంగా ఒక బహుమతి పంపించినారు."

వదిన వెనక వచ్చిన ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఆమె జడ వంక చూశారు. వదిన నోరు తెరిచి, "నాది కాదు శెట్టిగారూ..." అనబోయింది. అంటూనే వెనక్కి తిరిగింది. కుర్చీల వరుస చివర, షామియానా నీడ అందని చోట, నేను కనిపించాను. ఎండ నెత్తి మీద ఉంది. నా చెవి వెనక నుంచి ఏదో చల్లగా దిగుతున్నట్టు తెలుస్తోంది. వదిన నన్నే చూస్తోంది, నా జేబు వంక చూసింది, మళ్లీ నా మెడ వంక చూసింది. ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. గిద్దలూరు పెద్దమ్మ కూడా అప్పుడే మెల్లగా నా వైపు తిరుగుతోంది. ఆమె చూపు నా మీద పడేలోపల నేను భుజం మీది తువ్వాలు తీసి తలపాగా చుట్టేశాను. చేసిన పని అంతే. ఇరవై ఏడేళ్ల మనిషిని, ఒక్క మాట చెప్పవలసిన చోట తలపాగా చుట్టాను.

వదిన మైకు వైపు తిరిగి, "ఔ శెట్టిగారూ, నాకే" అంది. "ఏం చేద్దాం, నెరిసిపోయినాయి."

గిద్దలూరు పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఏమ్మే, మరి అబ్బాయి తల సంగతేంది?" అని గట్టిగానే అడిగింది.

"వాడిది నూనే పెద్దమ్మా. రంగు నాకు."

"ఇదేం ఇచ్చిత్రం! కాచిన దానికి పని చెయ్యని నూనె మరిదికి పనిచేసిందా?"

"వంట చేసినామెకు ఆకలుంటాదా పెద్దమ్మా? అట్లనే" అని వదిన నవ్వి, రంగు కంపెనీ వాళ్ల డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. నా పక్క నుంచే వెళ్లింది. ఆగలేదు. "మెడ తుడుచుకో" అని మాత్రం గొంతు తగ్గించి అంది.

నా తాంబూలాలు నిలబడ్డాయి. వదిన నూనె నిలబడలేదు. మరుసటి రోజు ఉదయానికే మా పెరట్లో సగం వాడిన సీసాలు తిరిగి రావడం మొదలైంది. ఎదురింటి టీచరమ్మ కుళాయి దగ్గర తడి చేతిరుమాలుతో వదిన జడ కొసను పట్టుకుని రుద్ది చూసింది. ఏమీ అంటలేదు. "ఖరీదైన రంగు లాగుంది" అంది. అన్న కూడా, "ఇంట్లో ఇంత నూనె పెట్టుకోని రంగెందుకే నీకు?" అని విసుక్కున్నాడు. ఆమె చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరుకుంది. తర్వాతి వారం అడవి పెద్దమ్మ గోతంతో వచ్చింది, బోర్లించిన బాణలిని చూసింది, నన్ను చూసింది. ఈసారి బన్నులు తెచ్చినా తినలేదు. గోతం మళ్లీ నెత్తికెత్తుకుని బస్టాండు వైపు నడిచింది. ఆమె గోతం నిండుగా తిరిగి వెళ్లింది, బన్నులు నా చేతిలో మిగిలాయి.

పెళ్లయితే చెప్పేద్దామనుకున్నాను. పెళ్లయింది. మూడో రోజు ఉదయం నా భార్య దిండు గలీబు చేత్తో పట్టుకుని వచ్చి నా ముందు పరిచింది. దాని మీద నా తల ఆకారం నల్లగా అచ్చుపడి ఉంది. ఆమె పడీ పడీ నవ్వింది. "మా నాయనకు నెలకు రెండుసార్లు నేనే ఏసేదాన్ని. దీనికింత దాపరికమేంది? మా పెద్దమ్మ కూడా ఏసుకుంటాది, తెలీదా?" అంది. గిద్దలూరు పెద్దమ్మ కూడా! ఆ క్షణంలో నాకు ఉపశమనం కలగాలి. కలగలేదు. ఎవరికీ అక్కర్లేని నా తల కోసం వదిన తన జడను ధారపోసిందని అప్పుడు తెలిసింది.

"పోయి అక్కకు చెప్పి, వీధిలో కూడా నువ్వే చెప్పు" అంది నా భార్య. బయలుదేరాను. వంటింటి గడప దాకా వెళ్లి, "వదినా" అన్నాను. "ఏంది అబ్బాయ్?" అంది. "మజ్జిగ ఉందా?" అన్నాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. మళ్లీ మజ్జిగ. ఆ ఎండాకాలమంతా నేను తాగినంత మజ్జిగ మా వీధిలో ఎవరూ తాగి ఉండరు. తర్వాత రోజులు గడిచాయి, నెలలు గడిచాయి, చెప్పని మాట మీద దుమ్ము పేరుకుంది. దుమ్ము మీదకు నెట్టడం నాకు అలవాటే.

ఇది జరిగి పదిహేడేళ్లు. మొన్న ఆ దుకాణానికే వెళ్లాను. ఇప్పుడది రెండంతస్తులు, కార్డులు పోయాయి, ఫోన్ నంబరు చెబితే చాలు. కౌంటరు దగ్గరి అమ్మాయి నంబరు అడిగితే, అలవాటు కొద్దీ వదిన నంబరు చెప్పాను. ఆ అమ్మాయి తెర మీద పేరు చూసి నవ్వింది. "ఓ, జడక్కనా? రంగు ప్రైజు వచ్చినామె గదా అంకుల్, మా అమ్మ చెప్తాంటాది" అంది. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు ఉండవు. నా నేరం ఆ అమ్మాయి కంటే కొంచెమే చిన్నది, ఇంకా బజారులో తిరుగుతూనే ఉంది. చేతిలో సంచి అక్కడే పెట్టి, అందరూ వినేలా, "అమ్మా, ఆ రంగు ఆమెది కాదు, నాది" అన్నాను. ఆ అమ్మాయి నా నున్నటి తల వంక చూసి, పాపం ఎండ దెబ్బ అనుకున్నట్టుంది, మంచినీళ్ల సీసా ఇచ్చింది.

అందుకే ఇదంతా రాశాను. రాసింది తీసుకుని వదిన దగ్గరకు వెళ్లాను. ఆమెకు యాభై దాటాయి, జడ కాస్త సన్నబడింది కానీ నలుపు అలాగే ఉంది. తన ఒక్కదానికి సరిపడా నూనె ఇప్పటికీ కాచుకుంటుంది. గడప దగ్గర, "వదినా" అన్నాను. "మజ్జిగ అయిపోయింది" అంది, తల ఎత్తకుండానే. కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, లేచి, బీరువాలోంచి మడతలు పడి పసుపు తిరిగిన పొడవాటి కాగితం ఒకటి తీసింది. శెట్టిగారు ఆ రోజు మైకులో చదివిన కాగితం. బహుమతితోపాటు ఆమెకే ఇచ్చేశారట.

"ఆ పాయింట్లతోనే నీ పెండ్లికూతురికి అద్దం పెట్టె, గాజులు తెచ్చినా. దాని సామాను నీ తల సంపాదించిందే లే" అంది. ఆ అద్దం పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాంట్లో చూసుకునే పదిహేడేళ్లుగా నా భార్య బొట్టు పెట్టుకుంటోంది. నేను తలవంచుకుని కూర్చున్నాను. ఇప్పుడు వంచడానికి భయం లేదు కదా.

వదిన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం మీద వేలు కిందికి జరిపింది. "అంతా బాగ రాసినావు గానీ అబ్బాయ్, రంగు తప్ప ఇంగేమీ కొనలేదని ప్రమాణం చేసినావే, మరి ఇదేంది? ముఖం తెల్లబడే క్రీము, తొమ్మిది డబ్బాలు. ఇది గూడా నాదేనా?"

శెట్టిగారు మైకులో చదవలేదని నేనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తల నల్లబడాలని ఇరవై ఆరు ప్యాకెట్లు, ముఖం తెల్లబడాలని తొమ్మిది డబ్బాలు, రెండూ నావే. అన్నిటి మీదా పది శాతం తగ్గింపు కూడా నాదే. పొయ్యి మీంచి ఆమె దించి చల్లార్చిన చిన్న గిన్నెలోంచి గుంటగలగరాకు వాసన వస్తుంటే, వదిన ఆ నూనెలో వేలు ముంచి, ఏమీ లేని నా నడినెత్తిన ఒక చుక్క పెట్టి, "రాసుకో అబ్బాయ్, చల్లగ ఉంటాది" అంది.